ఊరూ పేరూ లేనివాళ్లా మన తాతలు?

“మనలాంటివాళ్లకి చరిత్రేముంటుందండీ!” ఈ మాట పెద్దకర్మ భోజనాల దగ్గర వింటాం, విశ్వవిద్యాలయాల సదస్సుల్లోనూ వింటాం. అక్కడ నిట్టూర్పుతో అంటారు, ఇక్కడ కాస్త పాండిత్యం కలిపి అంటారు. తాతగారి తండ్రి పేరేమిటని అడిగి చూడండి. ఎదుటివాడు తడుముకుంటాడు, నవ్వుతాడు, ఆ వెంటనే ఈ మాట అనేసి చేతులు దులుపుకుంటాడు.

ఖండించబోయే ముందు ఈ అభిప్రాయాన్ని దాని బలం తగ్గించకుండా చెప్పడం న్యాయం. వాళ్లనేది ఇది. రాజులకు శాసనాలున్నాయి, జమీందార్లకు వంశచరిత్రలున్నాయి. కూలికెళ్లినవాడికి, మగ్గం నేసినవాడికి, గొర్రెలు కాసినవాడికి ఏమీ మిగల్లేదు. మన దేశంలో రాసిపెట్టే అలవాటే తక్కువ, రాసింది కూడా చెదలపాలైంది. చదువురానివాడు అసలు కాగితం మీదికి ఎలా ఎక్కుతాడు? ఇక ఆడవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇళ్లలో చెప్పుకునేవి కట్టుకథలు. ఇంగ్లండులో అయితే చర్చి పుస్తకాల్లో పుట్టుకా పెళ్లీ చావూ ఉంటాయి, నూరేళ్లు నిండిన జనాభా లెక్కల కాగితాలు ఎవరైనా తిరగేసుకోవచ్చు. మనకు ఆ భాగ్యం లేదు. కాబట్టి ముత్తాత జాడ వెతకడం తీరికున్నవాళ్ల సరదా, లేదంటే కులం పేరు చెప్పి మీసం తిప్పుకోవడం.

ఇందులో ఒక్కటి ఒప్పుకోవాలి. మన జనాభా లెక్కల్లో మనుషుల పేర్లు మనకు చూపించరు. 1948 నాటి సెన్సస్ చట్టమే ఆ తలుపు మూసింది. ఆ దారిన వెళ్లి లాభం లేదు. మిగతా మాటలన్నీ వరసగా చూద్దాం.

1. “మనకు రాసిపెట్టే అలవాటే లేదు”

ఇది మన సొంత మాట కూడా కాదు, అరువు సరుకు. 1817లో జేమ్స్ మిల్ భారతదేశ చరిత్ర రాస్తూ ఇక్కడివాళ్లకు చరిత్ర రాయడం చేతకాదని తేల్చేశాడు. ఆయన ఈ దేశంలో అడుగుపెట్టలేదు. ఇక్కడి భాష ఒక్కటీ నేర్చుకోలేదు. అది లోపం కాదు, యోగ్యతేనని ముందుమాటలో వాదించుకున్న ఘనుడు. ఆయన అలా రాస్తున్న కాలంలోనే కుంపిణీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కింద పనిచేసిన మనవాళ్లు తెలుగు ఊళ్లు తిరుగుతూ, కరణాల దగ్గరి దండకవిలెలు చూసి కైఫీయతులు, అంటే ఊరి చరిత్రలు, రాయించుకుంటున్నారు. కావలి బొర్రయ్య మొదలుపెట్టిన పని అది. చెరువు ఎవరు తవ్వించారు, ఏ కరువుకు ఊరు పాడుపడింది, మళ్లీ ఎవరొచ్చి ఇళ్లు వేసుకున్నారు వంటి సంగతులు వాటిలో కనిపిస్తాయి. కరణాలు రాసినదాన్ని చరిత్రగానే చూడాలని వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం పుస్తకమే రాశారు. మిల్ మాట మాత్రం ఇంకా మన నోళ్లలో నానుతూనే ఉంది.

నిజమే, కైఫీయతుల్లో పెద్దల పేర్లే ఎక్కువ. సామాన్యుడి పేరు కావాలంటే శిస్తు లెక్కల్లోకి వెళ్లాలి. రాజ్యం ఎవరి పేరూ ప్రేమతో రాసుకోదు, డబ్బు కోసం రాసుకుంటుంది. జమీందారీలో ప్రభుత్వానికి ఒక్క జమీందారు పేరు చాలు. రైత్వారీలో మధ్యవర్తి లేడు. కాబట్టి శిస్తు కట్టాల్సిన ప్రతివాడి పేరూ కావాలి. 1800లో నైజాం చేతిలోంచి కుంపిణీకి వచ్చిన దత్త మండలాల్లో థామస్ మన్రో చేసిన పని అదే. పొలం పొలం కొలిపించి, ఏది ఎవరి సాగులో ఉందో రాయించాడు. ఆ తర్వాత మద్రాసు రాజధానిలో 1858 నుంచి సర్వే సెటిల్మెంటు శాఖ ఊరూరా తిరిగింది. సర్వే నంబరు, నేల తరం, శిస్తు, పట్టాదారు పేరుతో రిజిస్టర్లు కట్టారు. ఇంగ్లీషూ తెలుగూ పక్కపక్కన ఉంటాయి కాబట్టి వాటిని మన రెవెన్యూవాళ్లు ఇప్పటికీ ‘డైగ్లాట్’ అనే పిలుస్తారు. ఇది కాక ఏటేటా అడంగల్. ఏ చేను ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారు, ఏం వేశారు, నీళ్లెక్కడివి. అరెకరం మెట్ట ఉన్నవాడు కూడా ఇందులోంచి తప్పించుకోలేడు. తప్పించుకుంటే శిస్తు ఎగ్గొట్టినట్టే కదా!

తెలంగాణ వైపు కాగితాల పేర్లు వేరు, ఉద్దేశం ఒకటే. సేత్వార్, వసూల్ బాకీ, ఫైసల్ పట్టీ, ఆ తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ. పాతవి ఉర్దూలో ఉంటాయి. చదివిపెట్టే మనిషిని వెతుక్కోవాలి. అది కష్టమే గాని, ‘రికార్డు లేదు’ అనడానికీ ‘నాకు చదవడం రాదు’ అనడానికీ మధ్య చాలా దూరం ఉంది.

జమీందారీ ఊళ్ల సంగతి వేరు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో చాలాచోట్ల 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సెటిల్మెంటుతోనే రైతు పేరు సర్కారు పుస్తకంలోకి వచ్చింది. అంతకు ముందరివి జమీందారు కచేరీ లెక్కలు, ఎవరి ఇంట్లో ఏ అటక మీద ఉన్నాయో. ఆ కష్టం ఆ ఊళ్లది. దాన్ని తెచ్చి రాష్ట్రమంతటికీ అంటగట్టడం ఏం తర్కం?

2. “చదువురానివాడు కాగితం మీదికి ఎలా ఎక్కుతాడు?”

వినడానికి ఇది తిరుగులేని ప్రశ్నలా ఉంటుంది. కానీ ఇందులో ఒక గారడీ ఉంది. ‘రాయలేనివాడు’ అనే మాటను తీసుకొచ్చి ‘రాయబడనివాడు’ అనే మాట పక్కన కూర్చోబెట్టి, రెండూ ఒకటేనని నమ్మిస్తున్నారు. చదువురానివాడు తన గురించి తాను రాసుకోలేడు, అంతవరకే నిజం. అతని గురించి ఇంకొకడు రాశాడా లేదా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు: విపరీతంగా రాశారు.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవుకు చేరింది. ఆ ఓడతో మొదలుపెట్టి 1911 దాకా అక్కడి నాటాల్ చెరకు తోటలకు వెళ్లిన గిరిమిట్ (ఒప్పంద) కూలీలు 1,52,184 మంది. ఈ లెక్క ఇంత కచ్చితంగా ఎలా తెలిసింది? ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చి రాసుకున్నారు కాబట్టి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. ఫిజీకి 1879 నుంచి 1916 దాకా 60 వేలకు పైగా వెళ్లారు. 1903 నుంచి మద్రాసు ఓడలు కూడా కలిశాయి. వాళ్ల ఎమిగ్రేషన్ పాసుల మీద ఇంటి దగ్గరున్న రక్తసంబంధి పేరు ఉంటుంది. ఎత్తు ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలో ఉంటుంది. మారిషస్ సంగతి ఇంకా ముందుది. అక్కడ మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్న వలస రికార్డుల్లో కూలీల ఫొటోలు కూడా ఉన్నాయి. ఆ కాలంలో మన ఊళ్లలో మోతుబరుల ఇళ్లల్లో ఎంతమందికి ఫొటోలున్నాయి?

ఒక్క క్షణం ఆ పాసును ఊహించుకోండి. విశాఖపట్నం జిల్లాలో ఏదో పల్లెలో కరువుకు తట్టుకోలేక బయల్దేరిన పాతికేళ్ల మనిషి. గుమాస్తా ఎదుట నిలబడ్డాడు. గుమాస్తా అతన్ని కొలతబద్ద దగ్గర నిలబెట్టాడు, చొక్కా విప్పించి మచ్చలు చూశాడు, చెవికి వినిపించినట్టు పేరు రాసుకున్నాడు. పశువుల సంతలో చేసినట్టే చేశాడు. ఆ అవమానం వల్లే ఇవాళ అతని మునిమనవరాలికి తన ముత్తాత ఎంత పొడుగో తెలుస్తుంది. ఎందరు రాజుల మోకాళ్ల మీది మచ్చల గురించి మనకు తెలుసు?

ఆ గుమాస్తాల స్పెల్లింగులు భయంకరం, ఒప్పుకుంటాను. పేర్లను పైకి చదువుకుని చెవితో పోల్చుకోవాలి. ఒక్కడి పేరే వంశమంతటికీ ఇంటిపేరైపోయింది. దక్షిణాఫ్రికాలో అప్పలసామి అనే ఇంటిపేరు అలా వచ్చిందే. మరో చిక్కు: రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లినవాళ్లకు ఈ పాసులుండవు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. కోరంగి నుంచో కాకినాడ నుంచో ఓడెక్కి రంగంలో దిగడం అప్పట్లో మద్రాసు వెళ్లడం లాంటిదే. అందుకే మారిషస్ వెళ్లిన పెద్దతాత దొరికినంత తేలిగ్గా రంగం వెళ్లిన చిన్నతాత దొరకడు. రికార్డు తెలిసినవాడు చెప్పే మాట ఇలా ఉంటుంది: ఇది దొరుకుతుంది, అది దొరకదు, కారణం ఇది. ‘ఏమీ దొరకదు’ అనేది వెతకనివాడి మాట.

అసలు సర్కారు ఎక్కువ సిరా ఖర్చుపెట్టింది పేదవాడి మీదే. 1911 నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలనూ మరెన్నో సంచార కుటుంబాలనూ పుట్టుకతోనే దొంగలన్నారు. పేర్లు రాశారు, వేలిముద్రలు తీసుకున్నారు, స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టి హాజరు వేశారు. ఆ రిజిస్టర్లు సిగ్గుచేటు. కానీ వాటిలో పేర్లున్నాయి, తండ్రుల పేర్లున్నాయి. వాళ్ల మనవలకు ‘మీకు రికార్డు లేదు’ అని చెప్పడం రెండోసారి చేసే అన్యాయం.

3. “పోనీ పట్టాదారుకు దొరుకుతుంది. భూమి లేనివాడికీ, ఆడదానికీ?”

ఇది ఈ పక్షంలో అన్నిటికంటే బలమైన మాట. తేలిగ్గా తీసెయ్యను.

భూమి లేనివాడంటే ఎవరు? ఊళ్లో పని చేసేవాళ్లలో చాలామందికి మాన్యాలుండేవి. మంగలి మాన్యం, చాకలి మాన్యం, వడ్ల మాన్యం, కుమ్మరి మాన్యం, వెట్టి మాన్యం. 1860ల్లో ఇనాం కమిషన్ మద్రాసు రాజధానిలోని ఈ ఇనాములన్నిటినీ తనిఖీ చేసింది. ఆ ఫెయిర్ రిజిస్టరులో మాన్యం ఎందుకిచ్చారు, ఎంత విస్తీర్ణం, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, అతని వయసెంత, మొదట పొందినవాడికి ఇతనేమవుతాడు అని గళ్లు గళ్లుగా ఉంటుంది. అంటే మన ఊరి మంగలి తాత వయసు, వరస 1860ల కాగితంలో ఉండే అవకాశం ఉంది. ఆ ఊరి షావుకారుకు అదే నాటి కాగితం ఉండకపోవచ్చు! సామాన్యుడికి రికార్డు లేదన్న సిద్ధాంతం ఇక్కడ తలకిందులవుతుంది.

కౌలుదారు? 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారుల రిజిస్టర్లు తయారయ్యాయి. దున్నుకునేవాడి పేరు, సర్వే నంబరుతో సహా ఎక్కింది. గని కార్మికుడు? 1948 చట్టంతో బొగ్గుగని కార్మికులకు ప్రావిడెంట్ ఫండు వచ్చింది. సింగరేణిలో పనిచేసిన తాతకు ఫండు ఖాతా ఉంటే నామినీ ఉంటుంది, నామినీ అంటే చాలాసార్లు భార్య. రైల్వేలో గ్యాంగ్‌మన్‌కు కూడా సర్వీసు రిజిస్టరుంది, అందులో పుట్టుమచ్చలున్నాయి. మాల మాదిగ పల్లెల్లో అయితే సంఘాల బాప్తిస్మం పుస్తకాలున్నాయి. 1876-78 నాటి ధాత కరువు చివర్న, 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన జాన్ క్లౌ మిషను ఆ వైపు పల్లెలదే.

ఆడవాళ్ల విషయంలో రికార్డు నిజంగానే పిసినారి. జనన రిజిస్టరులో ‘ఆడ శిశువు’ అని రాసి పేరు గడి ఖాళీగా వదిలేసినవి కోకొల్లలు. మొదటి సార్వత్రిక ఎన్నికల ఓటర్ల జాబితాల్లో దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు కొట్టేయాల్సి వచ్చింది. ‘ఫలానావాడి భార్య’, ‘ఫలానావాడి తల్లి’ అని తప్ప సొంత పేరు చెప్పడానికి వాళ్లు ఒప్పుకోలేదు. అందులో ఎక్కువ ఉత్తరాది రాష్ట్రాలే అయినా, మన పల్లెల్లో మొగుడి పేరు పలకని అమ్మమ్మలను చూసినవాళ్లకు ఆ పట్టుదల కొత్త కాదు. అయినా పూర్తి చీకటి కాదు. పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలానికి దస్తావేజు ఉంటుంది. మనోవర్తికి దస్తావేజు ఉంటుంది. మైనరు కొడుకు తరఫున విధవ తల్లి గార్డియనుగా వేలిముద్ర వేసిన అమ్మకాలుంటాయి. చిత్రమేమిటంటే, భర్త బతికున్నంతకాలం కాగితం మీద కనపడని మనిషి ఆయన పోయిన మర్నాటి నుంచి కనిపించడం మొదలుపెడుతుంది. ఈ పద్ధతి తెలిసినవాడు ముత్తవ్వ కోసం ఎక్కడ వెతకాలో తెలుసుకుంటాడు. తెలియనివాడు ‘ఆడవాళ్లకేముంటుంది’ అని ఇంటికెళ్లి పడుకుంటాడు.

4. “ఇళ్లలో చెప్పుకునేవన్నీ కట్టుకథలు”

ఇక్కడ నా సంగతి చెప్తాను. మా ఇంట్లో తరతరాలుగా ఒక మాట ఉంది. “ధాత కరువులో రెండెకరాల మాగాణి అమ్ముకుని గంజి తాగాం.” ధాత కరువంటే 1876-78. లక్షల మందిని మింగిన కరువు. మాకూ అందులో వాటా ఉందని చిన్నప్పుడు ఒకరకమైన గర్వం కూడా ఉండేది నాకు.

లెక్క మాత్రం కుదిరేది కాదు. ఆ పొలం అమ్మిన మా ముత్తాత మా నాయనమ్మ పెళ్లిలో పందిరి రాటలు పాతించాడట. ఆమె పెళ్లి 1940ల్లో. 1876లో పొలం అమ్మేంత వయసున్నవాడు 1940ల్లో రాటలు పాతిస్తాడా? ‘కట్టుకథ’ అనేవాళ్ల పద్ధతిలో అయితే ఇక్కడితో ఆపెయ్యాలి.

నేను ఆపలేదు. సర్వే నంబరు పట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసులో పాత ఇండెక్సులు వెతికించాను. మూడుసార్లు ‘లేదు’ అన్నారు, నాలుగోసారి దొరికింది. నకలు చేతికొచ్చింది. శుద్ధ క్రయ దస్తావేజు. 1937 ఫిబ్రవరి. పక్కనే తెలుగు తేదీ: ధాత నామ సంవత్సరం, మాఘ మాసం.

ధాత అరవై ఏళ్లకోసారి వస్తుంది కదా. 1876-77 ఒక ధాత, 1936-37 ఇంకో ధాత. మా ఇంటివాళ్లు సంవత్సరం పేరు అక్షరం పొల్లుపోకుండా గుర్తుపెట్టుకున్నారు. ఊరంతా చెప్పుకునే పెద్ద కరువు పేరూ అదే కావడంతో, మధ్యలో ఏ తరంలోనో రెండూ అతుక్కుపోయాయి. అబద్ధం ఎవరూ ఆడలేదు.

దస్తావేజు అసలు కారణం కూడా చెప్పింది. కరువు కాదు, అప్పు. 1929లో రాసి, తర్వాత తిరగరాసిన ప్రామిసరీ నోటు తాలూకు ‘అసలు ఫాయిదాల’ కింద పొలం ఇచ్చేశాడు. 1929 తర్వాత ప్రపంచమంతా ధరలు పడిపోయిన రోజులవి. ధాన్యం ధర సగానికి పడినా వడ్డీ మాత్రం పడదు. 1938లో మద్రాసు ప్రభుత్వం రైతు రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకు ముందు రైతులు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ మొత్తం రద్దు. మా ముత్తాత వేలిముద్ర వేసింది దానికి ఏడు నెలల ముందు. ఇంకో ఏడాది ఎలాగోలా ఈడ్చుకొచ్చి ఉంటే ఆ రెండెకరాలు ఉండేవేమో. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయనకైనా తెలిసిందో లేదో.

ఇప్పుడు చెప్పండి. ఇంటి మాట లేకపోతే నేను ఏ పొలం కోసం వెతకాలో నాకు తెలిసేది కాదు. కాగితం లేకపోతే కరువు గర్వంతోనే పోయేవాణ్ణి. ఇంటి మాటను కట్టుకథని కొట్టిపారేసేవాళ్లు కాగితాన్ని దేవుడి వాక్కు అనుకుంటారు. అదీ తప్పే. బళ్లో వేసిన పుట్టినరోజుల్లో జూలై 1 ఎన్నో లెక్కపెట్టండి. మన రాష్ట్రంలో సగం మంది తల్లులు ఆ ఒక్కరోజే ప్రసవించినట్టు కనిపిస్తుంది. దస్తావేజులో రాసిన క్రయధనం స్టాంపు ఖర్చు తగ్గించుకోవడానికి రాసింది కావచ్చు. వయసు ‘సుమారు’. ఫసలీ సంవత్సరం చూసి క్రీస్తుశకం అనుకుని బోల్తాపడేవాళ్లున్నారు. దానికి 590 కలుపుకోవాలి. అది జూలైలో మొదలవుతుందని కూడా గుర్తుంచుకోవాలి. మాటా కాగితమూ ఒకదాన్నొకటి నిలదీస్తేనే మనిషి బయటికొస్తాడు.

ఆ దస్తావేజులో హద్దులున్నాయి. తూర్పున ఒక రైతు మాగాణి, దక్షిణాన పంటబోదె, ఉత్తరాన పుంత, పడమర ఒకరి మంగలి మాన్యం. అంటే మా ముత్తాత కాగితంలో ఇంకో రెండు కుటుంబాల ముత్తాతలున్నారు. సాక్షులిద్దరు, దస్తావేజు రాసిన లేఖరి ఒకడు. ఒక్క కాగితం మీద ఆరు ఇళ్లు. పడమర హద్దు సంగతి తర్వాత చెప్తాను.

5. “ఇదంతా కులగర్వం కోసం”

కొందరు అందుకే వెతుకుతారు. ‘తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి’ బాపతు. వాళ్లు రికార్డు దగ్గరికి రారు, వచ్చినా ఎక్కువసేపు ఉండరు. రికార్డంత గర్వభంగం చేసేది మరొకటి లేదు. సంస్థానంలో దివాను అని చెప్పుకునే ముత్తాత జమాబందీలో మూడేళ్ల శిస్తు బకాయిదారుగా తేలతాడు. ఈ ఊరి పునాదిరాయి మేమే అనేవాళ్ల ఇంటిపేరు నలభై మైళ్ల అవతలి ఊరి పేరవుతుంది.

వంశచరిత్ర పెద్దకులాల సొత్తన్నది కూడా మన అజ్ఞానమే. పద్మశాలీలకు సాధనాశూరులు, కూనపులివారు ఉన్నారు. విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, మాదిగలకు డక్కలివారు, కాపులకు పిచ్చిగుంట్లవారు ఉన్నారు. ఈ చివరివాళ్లకు ఇప్పుడు అధికారికంగా వంశరాజులనే పేరు. ఊరికొచ్చి, ఇంటిపేర్లు గోత్రాలు చెప్పి, పటం విప్పి కథ చెప్పి, వాళ్లకు రావలసిన త్యాగం పుచ్చుకుని వెళ్లేవాళ్లు. మనం వాళ్లను బిచ్చగాళ్లన్నాం. అని, మనకు వంశవృక్షాలు లేవని ఏడుస్తున్నాం.

పైగా ఈ ‘చరిత్ర లేదు’ అనే మాట ఎవరు ఎవరితో అంటున్నారో గమనించండి. ఏ జమీందారూ తన గురించి అలా అనుకోలేదు. ఆ మాట ఎప్పుడూ కిందివాడి కోసమే తయారవుతుంది. బాధేమిటంటే, దాన్ని ఎక్కువ నమ్మింది కూడా కిందివాడే.

6. “తెలుసుకుని ఇప్పుడేం చేస్తాం?”

చాలానే పోగొట్టుకున్నాం కాబట్టి తెలుసుకోవాలి. ఇందాక చెప్పిన హైదరాబాద్ కౌలుదారీ చట్టంలో 38-ఇ అనే సెక్షను ఉంది. రక్షిత కౌలుదారుకు యాజమాన్య పత్రం ఇచ్చే సెక్షను. తాత పేరు ఆ రిజిస్టరులో ఉందని తెలిసినవాడు కోర్టులో నిలబడగలిగాడు. ‘మాకేం కాగితాలుంటాయి’ అనుకున్నవాడు, కాగితాలు తెచ్చినవాడికి దారిచ్చి పక్కకు తప్పుకున్నాడు. కాబట్టి ఈ అభిప్రాయం ఉత్త నిర్వేదం కాదు, దీనికి ఎకరాల్లో ధర ఉంది.

రెండో నష్టం ఇంకా పెద్దది. విలువ లేదనుకున్నదాన్ని ఎవరూ దాచరు. 1984లో కరణం, మునసబు వ్యవస్థ రద్దయినప్పుడు ఊళ్లలో ఎన్ని కవిలెకట్టలు ఏ అటకల మీద ఉండిపోయాయో, ఎన్ని పొయ్యిల్లోకి వెళ్లాయో! ఇల్లు పడగొట్టి డాబా వేసేటప్పుడు తాత ట్రంకుపెట్టెలోని కాగితాలను పాతపేపర్లవాడికి తూకానికి వేసేది ‘అందులో ఏముంటుందిలే’ అనే మనమే. రికార్డు లేదనే మాట అలా తన సాక్ష్యాన్ని తానే తయారు చేసుకుంటుంది. ముందు లేదంటాం, తర్వాత తగలబెడతాం, ఆ తర్వాత చూశారా లేదు అంటాం.

కాబట్టి ఇంట్లో అందరికంటే పెద్ద వయసు ఆడమనిషి దగ్గర ఈ ఆదివారమే కూర్చోండి. పేర్లు, పుట్టిళ్ల ఊళ్లు, ఏ తుఫానుకు ముందు, ఏ వరదకు తర్వాత అన్నది రాసుకోండి. ఆమె చెప్పే సంవత్సరం పేరును కొట్టిపారేయకండి. సర్వే నంబరు సంపాదించండి. నకలుకు దరఖాస్తు పెట్టండి. లేదంటారు. మళ్లీ పెట్టండి.

పడమర హద్దు మిగిలింది. ఆ మాన్యందారు మునిమనవడు మా ఊరి సెంటర్లోనే సెలూన్ నడుపుతాడు. నకలు తీసుకెళ్లి ఆ వాక్యం చూపించాను. చేతులు తుడుచుకుని, వెలుతురులో పట్టుకుని, వేలు పెట్టి చదువుకున్నాడు. ఆ పేరు అతను వినడం అదే మొదటిసారి. తూర్పు హద్దు, పడమర హద్దు రెండుసార్లు పోల్చి చూశాడు.

“ఆయనకి గారు ఉంది, మా తాతకి గారు లేదేంటి మాస్టారూ?” అన్నాడు.

ఆ తర్వాత జిరాక్స్ అడిగాడు. ఇచ్చాను. ఆ మాన్యం తాలూకు ఇనాం రిజిస్టరు నకలు కోసం వచ్చే వారం ఇద్దరం వెళ్తున్నాం.